గవ్వలపేట షెడ్డులో కలయిక

నమోదు 1. జూన్ 3

సంచారి సమాఖ్య కేంద్రం వారి ఆదేశం ప్రకారం, కాకినాడ శాఖకు కలయికల కార్యదర్శినైన మేకా సులోచన అనే నేను ఈ దినచర్య మొదలుపెడుతున్నాను. ఏర్పాట్లు ఎంతవరకు వచ్చాయో ఎప్పటికప్పుడు రాయాలట. యంత్రం చేత రాయించకూడదట. "మనిషి రాసినట్టు తెలియాలి. విసుగు, పక్కదారులు ఉండవచ్చు" అని ఆదేశంలో ఉంది. విసుక్కోవడానికి అనుమతి ఇచ్చిన సంస్థను నా యాభై రెండేళ్ళలో ఇదే చూడటం. అడిగినదానికంటే కాస్త ఎక్కువే ఇస్తాను.

ఈ తతంగానికి కారణం ఇంకో రాష్ట్రంలోని శాఖ. అక్కడ నాలుగు వందల మంది సభ్యులు రోజూ క్రమం తప్పకుండా ప్రయాణాలు చేస్తున్నారు, ఏడాది మొత్తంలో ఒక్క ఫిర్యాదు లేదు. కేంద్రం వాళ్ళు మురిసిపోయి బహుమతి తీసుకెళ్తే, పుచ్చుకోవడానికి ఒక్క మనిషి లేడు. సభ్యులందరూ యంత్రాలే. ఫిర్యాదు లేదన్నప్పుడే అనుమానించాల్సింది.

అప్పటినుంచి కొత్త నియమం వచ్చింది. ప్రతి శాఖా ఏడాదికోసారి కనీసం పన్నెండు మందిని ఒళ్ళుతో సహా ఒకచోట చేర్చాలి. ముందుగా నమోదు చేసిన చోటుకి ఇరవై అడుగుల లోపల, సభ్యులు కట్టుకునే ముంజేతి పట్టీలు పన్నెండు, ఏకబిగిన అరగంట ఉండాలి. లేకపోతే శాఖ రద్దు.

మా శాఖలో మూడు వందల నలభై మందిమి ఉన్నాం. మేమంతా తిరిగిన దూరం కలిపితే చంద్రుడి దాకా వెళ్ళి, అక్కడ ఏదో మర్చిపోయి, మళ్ళీ వెళ్ళి రావచ్చు. నిరుడు కలయికకు వచ్చింది ఏడుగురు. అందులో ఒకరు కింద వాటాలో కరెంటు బాగుచెయ్యడానికి వచ్చినాయన. హెచ్చరికతో వదిలేశారు. ఈసారి వదలరు.

నమోదు 2. జూన్ 6

నూట ఎనభై మందికి ఫోన్లు చేశాను. జవాబులు కొన్ని రాస్తున్నాను, కేంద్రం వాళ్ళు కూడా ఆనందించాలి కదా.

ఒకావిడ ఆ రోజు పెరూలో ఉంటుందట. ఏ రోజు ఖాళీ అని అడిగితే నెలంతా పెరూయే అంది. ఇంకొకాయన ఎవరెస్టు నాలుగుసార్లు ఎక్కాడు, వాళ్ళ మేడ మెట్లు దిగాలంటే మోకాళ్ళు సహకరించవు. ఒకమ్మాయి చాలా మర్యాదగా, "ఆంటీ, వచ్చి ఏం చూస్తాం?" అంది. మనుషుల్ని చూస్తామన్నాను. ఆలోచించి చెప్తానంది.

దువ్వూరి పేర్రాజు గారు మాత్రం మొదటి మాటకే ఒప్పుకున్నారు. మా శాఖలో అందరికన్నా ఎక్కువ దేశాలు చూసినాయన, నూట పంతొమ్మిది. సొరచేపల మధ్య ఈదినట్టు ఎన్నోసార్లు చెప్పారు. ఒకే ఒక్క సందేహం వెలిబుచ్చారు.

"బస్సెక్కడానికి ఎటునించి ఎక్కాలండి, ముందునించా వెనకనించా?"

నాకూ తెలియదు. మా ఆయన్ని అడిగి చెప్పాను. మా ఆయన మాలాగా ఇంట్లో కూర్చోబెట్టి దేశాలు చూపించే టోపీ పెట్టుకోడు. రోజూ మార్కెట్టుకి నడిచి వెళ్ళి, వంకాయలు ఏరుకుని వస్తాడు. అరవై ఒక్క దేశాలు చూసిన మనిషిని పెళ్ళాడి కూడా బాగుపడనివాళ్ళు ఉంటారు.

నమోదు 3. జూన్ 8

గరికిన అమ్మాజీ గారు ఫోన్ చేశారు. మా సభ్యురాలే, అరవై ఏడేళ్ళు, నేను కార్యదర్శినైన ఈ నాలుగేళ్ళుగా గొంతు పరిచయం తప్ప ముఖం ఎరగను. మాలో ఎవరం ఎవరి ముఖమూ ఎరగం. ఆవిడ సాధారణంగా ఫోన్ చేయదు.

"శాఖ తీసేత్తారంటగదమ్మా. మరి మన నడకలు ఏమైపోతాయండి?" అని అడిగింది.

నడకలంటే, పూర్వం జనం నిజంగా తిరిగిన రోజుల్లో చొక్కా గుండీకి కెమెరా పెట్టుకుని చేసిన చిత్రాలు. టోపీ పెట్టుకుంటే ఆ వీధిలో మనం నడిచినట్టే ఉంటుంది. పెద్ద పెద్ద చోట్లవి కేంద్రం దగ్గరే ఉంటాయి. చిన్న ఊళ్ళవి మాత్రం ఏ శాఖవి ఆ శాఖ దగ్గరే. మా దగ్గర మూడు వందల పన్నెండు ఉన్నాయి. శాఖ పోతే సభ్యుల్ని ఎక్కడో ఒకచోట సర్దుతారు, నడకల్ని చెరిపేస్తారు. ఆ మాటే చెప్పాను.

"గవ్వలపేట కూడానా?"

"అన్నీనండి."

 "మరి పొద్దున్నే నేనెక్కడికి ఎల్లాలి?" అంది.

పెరూ వెళ్ళవచ్చు అని నోటిదాకా వచ్చింది. ఆవిడ గొంతు విన్నాక ఊరుకున్నాను. ఫోన్ పెట్టేశాక పుస్తకం తిరగేశాను. గవ్వలపేట నడక మీద నాలుగు వేల సార్లు వెళ్ళినట్టు ఉంది. నాలుగు వేలూ అమ్మాజీ గారివే. ఇంకెవ్వరూ ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

నమోదు 4. జూన్ 11

కలయికకు చోటు దొరకడం లేదు. కల్యాణ మండపాలకు మెట్లున్నాయి. పార్కులో ఎండ. హోటలు వద్దని అందరూ అంటున్నారు, అక్కడ తెలియనివాళ్ళు ఉంటారట. మేమూ ఒకరికొకరం తెలియనివాళ్ళమే అని గుర్తు చేశాను, ఎవరికీ నచ్చలేదు.

అమ్మాజీ గారి మాట మనసులో ఉండి ఇవాళ గవ్వలపేట చూసి వచ్చాను. ఎంత బాగుందో. సముద్రం ఒడ్డున ఒకటే వీధి, రెండు వైపులా పెంకుటిళ్ళు. వీధి చివర పెద్ద రేకుల షెడ్డు. సిమెంటు నేల, మూడు పక్కలా కూర్చోవడానికి అరుగు, సముద్రపు గాలి. మెట్లు లేవు. మనుషులు కూడా లేరు, కేంద్రం వాళ్ళు నడకల్లోంచి మనుషుల్ని తుడిచేస్తారు, అనుమతుల గొడవ ఉండకుండా. వీధి ఊడ్చినట్టు శుభ్రంగా ఉంది. మా సభ్యులకు ఇంతకంటే ఏం కావాలి?

ఆ ఊరు ఇక్కడికి గంట దూరమేనని పటంలో ఉంది. నా ఊరి పక్కనే ఇలాంటి చోటుందని ఐస్‌లాండ్ నాలుగుసార్లు చూశాక తెలిసింది.

నమోదు 5. జూన్ 12

చోటు ఖాయం చేసేముందు ఆ ఊరు బాగా ఎరిగినవాళ్ళని ఒక మాట అడగడం మర్యాద కదా అని అమ్మాజీ గారికి ఫోన్ చేశాను.

"గవ్వలపేట షెడ్డులో పెట్టుకుందామనుకుంటున్నానండి. మీరు వెళ్తూ ఉంటారు కదా, బాగానే ఉంటుందా?"

"బాగుంటదమ్మా. నేను రోజూ పొద్దున్నే ఎల్లొత్తాను."

"నేనూ నిన్న చూసొచ్చాను. షెడ్డు చక్కగా ఉంది."

ఆవిడ గబుక్కున అందుకుంది. 

"మీరు సూసొచ్చారా?"

"చూసొచ్చాను."

"షెడ్డు ఉందా?"

"ఉందండి. అరుగులూ ఉన్నాయి. ఎందుకలా అడుగుతున్నారు?"

"ఏం లేదమ్మా. అయితే అక్కడే ఎట్టండి. మా ఈదికి సుట్టాలొచ్చి చానా కాలమైంది."

ఇక్కడ మా నాలుగో నియమం గురించి రాయాలి. ఎవరైనా ఫలానా చోటు చూసొచ్చానంటే, "నిజంగానా, టోపీతోనా?" అని అడగకూడదు. మాలో అంతకంటే మోటు ప్రశ్న లేదు. మూడేళ్ళ కిందట ఒకాయన పేర్రాజు గారిని అలా అడిగి సభ్యత్వం పోగొట్టుకున్నాడు. కాబట్టి నేను ఆవిణ్ణి అడగలేదు, ఆవిడ నన్ను అడగలేదు. ఇద్దరం మర్యాదస్తులం.

షెడ్డు నడిబొడ్డును గుర్తుపెట్టి కేంద్రానికి పంపాను. జూన్ 28 ఆదివారం, పదింటికీ ఒంటిగంటకూ మధ్య. ఒకసారి పంపాక మార్చడానికి వీల్లేదు.

నమోదు 6. జూన్ 27

వస్తామన్నవాళ్ళు ఇరవై ఒక్కరు. మాట మీద నిలబడేవాళ్ళు పదిహేను మందైనా ఉంటారని నా అంచనా. తలా ఒక వంటకం తేవాలని పెట్టాం. పేర్రాజు గారు ఇటలీ వంట చేసుకొస్తానన్నారు. టోపీలో రుచి రాదు కాబట్టి ఇటలీలో వంటలు ఎలా ఉంటాయో మాలో ఎవరికీ తెలియదు. ఆ ధైర్యంతోనే అని ఉంటారు.

నమోదు 7. జూన్ 28

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

బస్టాండుకి పన్నెండు మంది వచ్చారు. నాతో కలిపి సరిగ్గా పన్నెండు. ముఖాలు తెలియవు కాబట్టి ఎవరైనా మాట్లాడేదాకా ఆగి, గొంతుని బట్టి పోల్చుకున్నాం. పేర్రాజు గారు నేననుకున్నదానికి సగమే ఉన్నారు. అమ్మాజీ గారు జరీ అంచు పట్టుచీర కట్టుకుని, పెద్ద టిఫిన్ క్యారియర్ పట్టుకుని వచ్చింది. పెళ్ళికి బయల్దేరిన మనిషిలా ఉంది. నా చెయ్యి పట్టుకుని, "సేపల పులుసు తెచ్చేనమ్మా, పన్నెండుమందికి సరిపోద్ది" అంది.

బస్సులో కూర్చున్నాక మావాళ్ళు కిటికీలోంచి చూస్తూ ఒకటే కళ్ళు ఆర్పడం. టోపీలో రెండుసార్లు కళ్ళు ఆర్పితే తర్వాతి చోటు వస్తుంది. పెట్రోలు బంకు దగ్గర పావుగంట ఆగితే పేర్రాజు గారు రెప్పలు కొట్టి కొట్టి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

పదిన్నరకి బస్సు ఆగింది. "గవ్వలపేట ఇంతేనండి" అని కండక్టరు దింపేశాడు. ఎదురుగా రాళ్ళ గట్టు. గట్టుకి అవతల సముద్రం. రోడ్డు నేరుగా ఆ గట్టు కిందికి వెళ్ళి నీళ్ళలో మునిగిపోయింది.

చేతి పట్టీ చూశాను. "ఇంకా నూట నలభై అడుగులు. నేరుగా ముందుకు" అంది. కొంచెం ఎడమకి జరిగాను. "దారి తప్పారు" అంది.

వీధి లేదు, షెడ్డు లేదు.  నేను చూసొచ్చింది ఎన్నేళ్ళ కిందటి నడకో. వాటి మీద తేదీలు వేయరు. పాతవని తెలిస్తే ఎవరూ చూడరని కేంద్రం వాళ్ళ తెలివి. ఆ తెలివి తక్కువైందేమోనని నా తెలివి కూడా కలిపాను. నాకు తెలియక చేశాను, ఈవిడకి తెలిసి కూడా చెప్పలేదే అని ఒళ్ళు మండి అమ్మాజీ గారి వైపు తిరిగాను.

ఆవిడ గట్టు మీద నిలబడి నీళ్ళ వంక చూస్తోంది. క్యారియర్ ఇంకా చేతిలోనే ఉంది.

"మీకు తెలుసు కదండి. ఒక్క మాట చెప్పలేకపోయారా?" అన్నాను.

"మీరు సూసొచ్చేనన్నారు గదమ్మా." అంది ఆవిడ. "తుపాను రాత్రి అందరం లారీ ఎక్కి ఎలిపోయేం. తెల్లారేటప్పటికి ఈది లేదన్నారు. పదకొండేళ్ళయింది, నేనిటు రాలేదు. మీరేమో షెడ్డుందన్నారు, అరుగులున్నాయన్నారు. మరి సముద్రం ఎనక్కి ఇచ్చేసిందేమో అనుకున్నాను."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను. నేను చూసొచ్చానన్న ఒక్క మాట పట్టుకుని ఈ మనిషి పదహారు రోజులు బతికింది. పట్టుచీర కట్టుకుని, పులుసు వండుకుని వచ్చింది. అడగకూడని ప్రశ్న ఒక్కటి మా ఇద్దరిలో ఎవరు అడిగినా సరిపోయేది.

మిగతావాళ్ళు గట్టు మీద కూర్చుని ఇక శాఖ పోయినట్టేనని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఎవరెస్టాయన బెంగుళూరు శాఖ బాగుంటుందట అన్నాడు. వాళ్ళకేం, నడకలు పోతే కొత్తవి చూసుకుంటారు. ఈవిడకి ఆ వీధి రెండోసారి పోతుంది. ఈసారి పోగొట్టేది నేను.

"నీళ్ళు ఎంత లోతుంటాయండి?" అని అడిగాను.

అమ్మాజీ గారు కాసేపు అలల్ని చూసింది. "పోటు తీత్తా ఉంది. పన్నెండింటికి పాటు దిగి నీళ్ళు తగ్గుతాయి. అప్పుడు మోకాటి పైదాకా ఉంటది, అంతే. షెడ్డు ఎత్తు మీద కట్టేరు."

పన్నెండు దాకా కూర్చున్నాం. వంటకాలు విప్పాం. పేర్రాజు గారి ఇటలీ వంట టమాటా వేసిన ఉప్మా. ఎవరూ ఏమీ అనలేదు, రెండోసారి కూడా పెట్టించుకున్నారు. నీళ్ళు తగ్గాక దిగి షెడ్డున్న చోటుదాకా నడుద్దామని అందరికీ చెప్పాను. శాఖ కోసం కాదు, ఈవిడ వీధి కోసం అని చెప్పాను. ఎవరెస్టాయన బెంగుళూరు మాట మళ్ళీ ఎత్తలేదు.

పన్నెండింటికి నీళ్ళు తగ్గాయి. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని రాళ్ళు దిగాం. అమ్మాజీ గారు తప్ప మాలో సముద్రంలో కాలు పెట్టినవాళ్ళు ఎవరూ లేరని అప్పుడే తెలిసింది. పేర్రాజు గారు నేను తెచ్చిన మా ఆయన గొడుగు పట్టుకుని, "చేపలేవన్నా ఉంటాయాండి ఇందులో?" అన్నారు. ఉండవచ్చన్నాను. "కరుస్తాయాండి?" సొరచేపల సంగతి ఎవరూ ఎత్తలేదు. నాలుగో నియమం.

వెనక్కి తిరిగి లెక్కపెట్టాను. పదకొండు. అమ్మాజీ గారు గట్టు మీదే ఉంది.

"మీరు కానియ్యండమ్మా. నేను రాలేను" అంది. "అక్కడ ఏటీ లేదని కాళ్ళకి తెలిసిపోద్ది. రేపు టోపీ ఎట్టుకున్నా కుదరదింక."

అరగంట లోపల పన్నెండో పట్టీ రాకపోతే అసలు టోపీలోనే ఉండదని నేను చెప్పలేదు. ఆవిడకి తెలుసు. వెనక్కి వెళ్ళి చెయ్యి చాచాను.

"అమ్మాజీ గారూ, ఏమీ అనుకోకండి. నేను ఐస్‌లాండ్ వెళ్ళింది టోపీతో. అరవై ఒక్క దేశాలూ టోపీతోనే. నిజంగా ఒక ఊరు చూడటానికి బయల్దేరింది ఇదే మొదటిసారి. నాకు దారి తెలియదు. మీ ఊరు మీరు చూపించకపోతే ఎవరు చూపిస్తారు?"

నీళ్ళలోంచి పేర్రాజు గారు కూడా చిన్న గొంతుతో, "మాదీ టోపీతోనేనండి, నూట పంతొమ్మిదీని" అన్నారు. అంతే, ఒక్కొక్కరూ మొదలుపెట్టారు. పెరూ, ఎవరెస్టు, అన్నీ. మూడేళ్ళ కిందట సభ్యత్వం పోగొట్టుకున్నాయన గుర్తొచ్చి అందరం కాసేపు తలలు దించుకున్నాం.

అమ్మాజీ గారు కొంగుతో ముఖం తుడుచుకుని, క్యారియర్ గట్టు మీద పెట్టి, నా చెయ్యి పట్టుకుని దిగింది. పది అడుగులు నేను నడిపించాను. ఆ తర్వాత ఆవిడ నన్ను దాటి ముందుకు వెళ్ళిపోయింది.

"ఇటు రండి, అటు నూతి సుట్టూ పళ్ళెం రాళ్ళుంటాయి, తట్టుకుంటారు" అంది. ఒకరి కాలికి నిజంగానే ఏదో రాయి తగిలింది. "ఇది మా మరిదిగారి ఇల్లు. ఇది బడి పంతులుగారిది. ఇక్కడ కుడికి తిరగండి, ఇదే మా గుమ్మం." నీళ్ళ మధ్యలో ఆగింది. అందరం ఆగాం. అలవాటు కొద్దీ చెప్పిందో ఏమో, "సెప్పులు బయట ఇడవండి" అంది.

మా చెప్పులన్నీ అప్పటికే గట్టు మీద ఉన్నాయి. అయినా పేర్రాజు గారు వంగి ఒకసారి కాళ్ళు చూసుకున్నారు.

ఇంకొంచెం ముందుకు వెళ్ళాక అరికాళ్ళ కింద గట్టిగా సిమెంటు తగిలింది. పన్నెండు పట్టీలూ ఒక్కసారే మోగాయి. అరగంట నిలబడ్డాం. ఆ షెడ్డులో ఎవరెవరు ఎక్కడ కూర్చుని వలలు బాగుచేసుకునేవారో, ఎవరు ఎవరితో మాట్లాడేవారు కాదో, ఎవరి పెళ్ళిలో వర్షం పడిందో ఆవిడ చెప్తూనే ఉంది. టోపీలో తుడిచేసిన మనుషులందరూ వచ్చారు. మధ్యలో ఏడ్చింది, మధ్యలో నవ్వింది. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు. ఆ అరగంటలో ఎవరూ రెండుసార్లు కళ్ళు ఆర్పలేదు.

బయటికి వచ్చి, తడి బట్టలతో గట్టు మీద కూర్చుని చేపల పులుసు తిన్నాం. పన్నెండుమందికీ సరిపోయింది.

నమోదు 8. జూలై 2

మా ఆయనకి జరిగింది చెప్పాను. "గవ్వలపేటా? అది ఎప్పుడో పోయిందిగా. మార్కెట్టులో చేపలమ్మే వాళ్ళంతా ఆ ఊరివాళ్ళే. నన్నడగలేదేం?" అన్నాడు. టోపీ లేనివాణ్ణి ఊళ్ళ గురించి అడగాలని నాకు తోచలేదు. ఆ మాట పైకి అనలేదు. వంకాయలు తరుగుతూ ఉండిపోయాను.

కేంద్రం నుంచి జవాబు వచ్చింది. పన్నెండు మంది హాజరు సరిపోయింది, శాఖ కొనసాగుతుంది. నడకలన్నీ ఉంటాయి. చోటును వాళ్ళు కూడా "స్వయంగా పరిశీలించారట." సిమెంటు నేల, అరుగులు, పరిశుభ్రత చాలా తృప్తికరంగా ఉన్నాయట. ఈ ప్రాంతంలోని మిగతా శాఖలకు ఆదర్శ స్థలంగా సిఫారసు చేశారు. ఏడు శాఖలు అప్పుడే నమోదు చేసుకున్నాయి, మార్చడానికి వీల్లేదు.

 అమ్మాజీ గారికి ఫోన్ చేశాను. ఎనభై నాలుగు మంది రాబోతున్నారని భయం భయంగా చెప్పాను. ఇంతకీ ఇప్పుడు పొద్దున్నే వెళ్తున్నారా అని కూడా అడిగాను.

"ఎల్తున్నానమ్మా. ఒకరోజు టోపీతో, ఒకరోజు బస్సులో" అంది. నిజంగానా టోపీతోనా అని నన్ను అడగనివ్వకుండా తనే చెప్పింది. "రానియ్యండి ఆళ్ళని. పాటు ఏ ఏలకో సూసి నేను సెప్తాను. ఎంతమందో మాత్రం ముందే సెప్పమనండి, పులుసు ఎట్టుకోవాలిగా."

కేంద్రం వాళ్ళ పత్రంలో ఆఖరిగా రెండు ప్రశ్నలు ఉన్నాయి. స్థలం గురించి సరిచేయవలసినవి ఏమైనా ఉన్నాయా? లేవని రాశాను. రెండోది, కొత్తగా వచ్చేవారికి దారి.

రాళ్ళ గట్టు దగ్గర బస్సు దిగాలి. నీళ్ళు తగ్గేదాకా ఆగాలి. చెప్పులు బయట విడిచి, అమ్మాజీ గారి చెయ్యి పట్టుకోవాలి.